సగం మాత్ర, వారానికి రెండుసార్లు: పోర్ఫిరియాలో మలేరియా మందు చేసే పని

ఎండ తగిలే చోటే బొబ్బలు లేస్తాయి. అరచేతుల వెనక వైపు, వేళ్ల మీద, చెవుల అంచున, మెడ వెనక. తలుపు గడియ గీసుకున్నా, బిందె అంచు తగిలినా చర్మం పొరలా ఊడివస్తుంది. మానిన చోట తెల్లటి మచ్చ, దాని మీద ఆవగింజలంత గట్టి పొక్కులు మిగులుతాయి. కణతల మీదా చెంపల మీదా వెంట్రుకలు మొలుస్తాయి, ముఖం నల్లబడుతుంది. కొందరిలో గోళ్లు కింది చర్మాన్ని వదిలేసి కొసల దగ్గర తెల్లగా లేస్తాయి. మూత్రం డికాక్షన్ రంగులో పడుతుంది. ఈ జబ్బు పేరు పోర్ఫిరియా క్యుటేనియా టార్డా. నడివయసులో బయటపడుతుంది కాబట్టి ‘ఆలస్యంగా వచ్చేది’ అనే అర్థంలో టార్డా అన్నారు. స్వీడన్ వైద్యుడు వాల్డెన్‌స్ట్రోమ్ 1937లో ఈ పేరు పెట్టాడు. వైద్యులు పొట్టిగా పీసీటీ అంటారు.

దీనికి నిలబడిన చికిత్సలు రెండే. ఒకటి ఒంట్లోంచి రక్తం తీయడం. రెండోది మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్, అదీ మామూలు మోతాదులో పదో వంతు. మామూలు మోతాదులో వేస్తే ఇదే మందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వారసత్వ చర్మ వ్యాధుల్లో మలేరియా మందుల పాత్ర గురించి ఏం మాట్లాడుకోవాలన్నా ఈ మోతాదు దగ్గరే మొదలుపెట్టాలి.

ఐదో మెట్టు దగ్గర అడ్డు

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ ఎనిమిది మెట్లలో తయారవుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్. ఐదో మెట్టు మీద పనిచేసేది యూరోపోర్ఫిరినోజెన్ డీకార్బాక్సిలేజ్, క్లుప్తంగా యూఆర్‌ఓడీ. ఎనిమిది కార్బాక్సిల్ గుంపులున్న పదార్థం నుంచి ఒక్కొక్కటిగా నాలుగింటిని తీసేయడం దాని పని. అది మందగిస్తే ఎనిమిది, ఏడు గుంపులున్న సరుకు కాలేయంలోనే పేరుకుపోతుంది. నిండిన తర్వాత రక్తంలోకి, అక్కడి నుంచి చర్మంలోకి పొంగుతుంది. 400 నుంచి 410 నానోమీటర్ల ఊదారంగు వెలుగు పడితే ఈ పోర్ఫిరిన్లు రెచ్చిపోతాయి. ఆ శక్తి ఆక్సిజన్‌కు చేరి, పైచర్మాన్ని కింది చర్మానికి పట్టి ఉంచే పొర దెబ్బతింటుంది. అక్కడ నీరు చేరితే అదే బొబ్బ.

జబ్బు వచ్చినవారిలో దాదాపు 20 శాతం మందికి యూఆర్‌ఓడీ జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక్క చెడ్డ నకలు చాలు, ఒళ్లంతా ఆ ఎంజైమ్ సగానికి పడిపోతుంది. అయితే సగం ఉన్నా పని నడిచిపోతుంది. కాలేయంలో అది దాదాపు 20 శాతం కంటే కిందికి దిగితేనే జబ్బు కనబడుతుంది. అందుకే ఒక ఇంట్లో నలుగురికి ఆ జన్యువు ఉన్నా ఒక్కరికే బొబ్బలు రావడం, మిగతావాళ్లు ముసలితనం దాకా హాయిగా ఉండడం మామూలు సంగతి. జన్యులోపం లేని మిగతా 80 శాతం మందిలోనూ ఎంజైమ్ పడిపోయేది కాలేయంలోనే.

పడగొట్టేది ఎవరు? ప్రధానంగా ఇనుము. కాలేయంలో ఇనుము ఎక్కువైతే, సీవైపీ1ఏ2 అనే మరో ఎంజైమ్ సాయంతో ఆ ఎనిమిది గుంపుల పదార్థం, అంటే యూరోపోర్ఫిరినోజెన్, ఆక్సీకరణ చెంది యూరోపోర్ఫోమీథీన్‌గా మారుతుంది. అది నేరుగా వెళ్లి యూఆర్‌ఓడీకే అడ్డంపడుతుంది. ఈ అడ్డుపుల్లను 2007లో గుర్తించారు. మద్యం, పొగ, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ, ఈస్ట్రోజెన్ మాత్రలు ఈ మంటకు నూనె పోసేవే. జన్యువుతో సంబంధం లేకుండా కూడా ఇది ఎంత దూరం వెళ్లగలదో 1950ల రెండో సగంలో ఆగ్నేయ టర్కీ చూసింది. విత్తనానికని హెక్సాక్లోరోబెంజీన్ అనే బూజు మందు పట్టించిన గోధుమలను జనం తిండికి వాడుకోవడంతో వేలమందికి ఈ జబ్బు పుట్టింది. ఆ తల్లుల పాలు తాగిన పసిపిల్లలు ఎందరో చనిపోయారు.

‘రక్తం పట్టాలి’ అని ఐరన్ టానిక్ కొనుక్కుని తాగడం మనవైపు బాగా అలవాటు. చేతులు నల్లబడి, నీరసంగా ఉన్న మనిషికి బంధువులు ముందు చెప్పే సలహా కూడా అదే. పీసీటీలో అంతకంటే చెడ్డ సలహా లేదు.

చెరువు తూము, చెరువు గండి

క్లోరోక్విన్‌ను 1934లో జర్మనీలో హాన్స్ ఆండర్‌సాగ్ తయారుచేశాడు. హైడ్రాక్సీక్లోరోక్విన్ తర్వాత వచ్చి, 1955లో అమెరికాలో అనుమతి పొందింది. లూపస్ అనే రోగనిరోధక వ్యవస్థ జబ్బులో చర్మం మీద దద్దుర్లకు మలేరియా మందులు వాడడం అప్పటికే మొదలైంది. ఎండకు చర్మం పాడయ్యే జబ్బు కాబట్టి పీసీటీ రోగులకూ ఆ మందు లూపస్ మోతాదులోనే వెళ్లింది. కొద్ది రోజుల్లో జ్వరం, వాంతులు, ఒళ్లునొప్పులు వచ్చాయి. మూత్రం ముదురు ఎరుపులోకి తిరిగింది, కాలేయ ఎంజైములు ఎగబాకాయి. కామెర్ల జబ్బేమో అనిపించేంత గొడవ. అది సద్దుమణిగాక చూస్తే బొబ్బలు మాయం! మూత్రంలో పోర్ఫిరిన్లు పడిపోయి నెలల తరబడి అలాగే ఉన్నాయి. మందు పనిచేసింది, కాకపోతే మనిషిని కుదిపి మరీ పనిచేసింది.

జరిగినదాన్ని ఇలా అర్థం చేసుకుంటున్నారు. మందు కాలేయ కణాల్లోని లైసోజోముల్లో చేరి, పోర్ఫిరిన్లతో జతకట్టి, ఆ నిల్వను కదిలిస్తుంది. కదిలిన సరుకు రక్తంలోకి, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. చెరువుకు తూము ఎత్తితే నీళ్లు కాలవలో ఒద్దికగా పోతాయి, గండి పడితే పొలాలు కొట్టుకుపోతాయి. ఒకేసారి భారీగా కదిలిన పోర్ఫిరిన్ కాలేయ కణాల్నే చీల్చుకు వెళ్తుంది. చాలా తక్కువ మందుతో, వారాల తరబడి కొద్దికొద్దిగా వదిలిస్తే ఫలితం అదే ఉంటుంది, కష్టం ఉండదు. ఈ మందు మలేరియా క్రిమి మీద చేసే పనికీ ఇక్కడ చేసే పనికీ పోలిక వెతకనక్కర్లేదు. లూపస్‌లో లాగా రోగనిరోధక వ్యవస్థను శాంతపరచడం కూడా ఇక్కడ ముఖ్యం కాదు. ఇది కాలేయంలో మకిలి కడిగే పని.

తూము ఎంత ఎత్తాలో ఇప్పుడు స్థిరపడింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ 100 మి.గ్రా., వారానికి రెండుసార్లు. అది లేకుంటే క్లోరోక్విన్ ఫాస్ఫేట్ 125 మి.గ్రా., వారానికి రెండుసార్లు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వైద్య విశ్వవిద్యాలయం బృందం ఈ చిన్న మోతాదును రక్తం తీసే పద్ధతితో పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించింది. ప్లాస్మాలో పోర్ఫిరిన్లు మామూలు స్థాయికి రావడానికి రెండు దారుల్లోనూ ఆరేడు నెలలే పట్టింది. చిన్న అధ్యయనమే అయినా, ‘మాత్ర అనేది రక్తం తీయించుకోలేని వాళ్లకు మాత్రమే’ అన్న పాత పట్టుదలను అది సడలించింది.

మందుల షాపు కౌంటర్ దగ్గర

మన షాపుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎక్కువగా 200 మి.గ్రా. మాత్రగా దొరుకుతుంది. కాబట్టి ఒక పూటకు సగం మాత్ర. సోమవారం సగం, గురువారం మిగతా సగం. వారానికి ఒక్క మాత్ర, పది మాత్రల స్ట్రిప్ పది వారాలు వస్తుంది. ఆరు నెలల చికిత్సకు మూడు స్ట్రిప్పులు కూడా పూర్తిగా ఖర్చుకావు. లూపస్ రోగికి అదే స్ట్రిప్ అయిదు నుంచి పది రోజుల్లో అయిపోతుంది. తేడా ఎంతో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది. రోగి నెల తిరక్కుండానే కొత్త స్ట్రిప్ కోసం వచ్చాడంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఆ పొరపాటు ఎక్కువగా ఒకే తీరులో జరుగుతుంది. చీటీలో ‘వారానికి రెండుసార్లు’ అని ఉన్నది, షాపులోనో ఇంట్లోనో ‘రోజుకు రెండుసార్లు’ అయిపోతుంది. షాపువాళ్లు స్ట్రిప్ మీద గీసే ఉదయం, రాత్రి గుర్తులకు అలవాటు పడ్డ కంటికి వారం లెక్క కొత్త. సగం మాత్ర రోజుకు రెండుసార్లు వేస్తే వారానికి 1,400 మి.గ్రా. అవుతుంది, అంటే వేయాల్సినదానికి ఏడు రెట్లు. చీటీ మీద వారాల పేర్లే రాయించుకోవాలి. ‘సోమ, గురు మాత్రమే’ అని కేలెండర్ గడుల్లో గుర్తు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒక రోజు మర్చిపోతే మర్నాడు వేసుకోవచ్చు గానీ, మర్చిపోయినదాన్ని కలిపి రెట్టింపు వేయకూడదు. మొదటి వారాల్లో మూత్రం కొంచెం ముదరడం సహజం. జ్వరం, వాంతులు, కుడి డొక్కలో నొప్పి వస్తే మాత్రం మందు ఆపి కాలేయ పరీక్ష చేయించాలి.

క్లోరోక్విన్‌తో ఇంకో చిక్కు ఉంది. లారియాగో లాంటి 250 మి.గ్రా. మాత్ర మీద రాసేది ఫాస్ఫేట్ లవణం బరువు, అందులో అసలు క్లోరోక్విన్ 150 మి.గ్రా. మాత్రమే. పీసీటీలో చెప్పే 125 మి.గ్రా. లవణం లెక్క, అంటే ఆ మాత్రలో సగం. దాన్ని అసలు మందు లెక్కగా పొరబడితే ఒకటిన్నర రెట్లకు పైగా వేసినట్టవుతుంది. మాత్రను విరిస్తే చేదు నాలుకకు అంటుకుంటుంది కాబట్టి అన్నం తిన్నాక, ఒక ముద్ద పెరుగన్నంతోనో అరటిపండుతోనో మింగడం తేలిక.

2020 మార్చిలో కోవిడ్ భయంతో జనం ఈ మాత్రల కోసం ఎగబడినప్పుడు కేంద్రం దీన్ని హెచ్1 జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాయాలి. అప్పట్లో ఈ మాత్ర రుచి చూసిన ఇళ్లలో ఇది ‘తెలిసిన మందు’ అయిపోయింది. ఆ చనువు పీసీటీ రోగికి మంచిది కాదు.

మొదటి సగం మాత్రకు ముందు

బొబ్బలు చూసి పీసీటీ అని తేల్చడానికి వీల్లేదు. వేరియగేట్ పోర్ఫిరియా అని ఇంకో వారసత్వ జబ్బులో చేతులు అచ్చం ఇలాగే ఉంటాయి. అందులో ఎంజైమ్ లోపం వేరే మెట్టు దగ్గర ఉంటుంది. రక్తం తీసినా, ఈ మాత్ర వేసినా లాభం లేదు. పైగా దానికి ప్రాణం మీదికి తెచ్చే కడుపునొప్పి దాడులుంటాయి, కొన్ని మామూలు మందులే ఆ దాడిని రేపుతాయి. ప్లాస్మాను వెలుగులో పరీక్షించినప్పుడు పీసీటీలో మెరుపు శిఖరం 620 నానోమీటర్ల దగ్గర, వేరియగేట్‌లో 626 దగ్గర కనబడుతుంది. ఈ ఆరు నానోమీటర్లే చికిత్సను నిర్ణయిస్తాయి. ఆ యంత్రం అందుబాటులో లేకపోతే మూత్రంలో పోర్ఫిరిన్లను విడివిడిగా కొలిపించాలి. ఎనిమిది, ఏడు కార్బాక్సిల్ రకాలు ఎక్కువగా ఉండి, పోర్ఫోబిలినోజెన్ మామూలుగా ఉంటే పీసీటీ వైపు మొగ్గు. మలంలో ఐసోకోప్రోపోర్ఫిరిన్ కనబడితే అనుమానం ఇంకా తీరుతుంది.

నమూనా తీసే తీరులోనే చాలా పరీక్షలు పాడవుతాయి. పోర్ఫిరిన్లు వెలుగుకు విరిగిపోతాయి. మూత్రం సీసాకు వెంటనే అల్యూమినియం ఫాయిల్ చుట్టి చల్లగా ల్యాబ్‌కు పంపాలి. కిటికీ గట్టు మీద మధ్యాహ్నం దాకా ఉంచిన సీసా నుంచి వచ్చిన ‘నార్మల్’ రిపోర్టుకు విలువ లేదు. చీకటి గదిలో ఉడ్స్ లాంప్ (అల్ట్రావయొలెట్ దీపం) కింద మూత్రం పగడపు ఎరుపులో మెరిస్తే అది గట్టి సూచనే. మెరవకపోతే మాత్రం జబ్బు లేదని కాదు.

దీనితోపాటు ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, ఇంకా కాలేయ ఎంజైములు, క్రియాటినిన్, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ చూడాలి. ఎర్ర రక్తకణాల్లోని జీ6పీడీ అనే ఎంజైమ్ కూడా చూడడం ఆనవాయితీ. కంటి పరీక్ష ఒకటి మొదట్లోనే చేయించి పెట్టుకుంటారు. రెటీనా భయం ఈ మందుకు ఎప్పుడూ ఉంటుంది గానీ, ఇక్కడి మోతాదులో దాన్ని అతిగా ఊహించుకోనక్కర్లేదు. కంటి వైద్యులు పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. అరవై కిలోల మనిషికి వారానికి 2,100 మి.గ్రా. అవుతుంది. మన రోగి వేసుకునేది 200.

ఎవరిలో పనిచేయదు

ఈ మాత్ర పోర్ఫిరిన్‌ను కడుగుతుంది గానీ ఇనుమును ముట్టుకోదు. ఆరు నెలల తర్వాత బొబ్బలు పోయినా ఫెరిటిన్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఇనుమును అదుపుచేసే హెచ్‌ఎఫ్‌ఈ జన్యువులో సీ282వై మార్పు రెండు నకళ్లలోనూ ఉండి ఒంట్లో ఇనుము గుట్టలుగా పేరుకున్నవారికి మాత్ర సరిపోదు, రక్తం తీయాల్సిందే. ఉత్తర ఐరోపా వాళ్లలో తరచుగా కనబడే ఆ మార్పు మన దేశంలో చాలా అరుదు. అలాగని ఫెరిటిన్ చూడకుండా మాత్రకు దిగడం తెలివైన పని కాదు.

రక్తం తీసే పద్ధతిలో రెండు వారాలకోసారి దాదాపు 450 మి.లీ. తీస్తారు. ఒక్కో సీసాతో 200 మి.గ్రా. పైచిలుకు ఇనుము బయటికి పోతుంది. ప్రతిసారీ ముందు హిమోగ్లోబిన్ చూసి, ఫెరిటిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కిందికి దిగగానే ఆపేస్తారు. చాలామందికి ఐదారుసార్లు, కొందరికి ఇంకాస్త ఎక్కువ. రక్తహీనత ఉన్నవారికీ, గుండెజబ్బువారికీ ఇది కుదరదు. అక్కడ సగం మాత్రే దిక్కు. డయాలిసిస్ మీద ఉన్నవారి సంగతి వేరు. కదిలిన పోర్ఫిరిన్ బయటికి పోవడానికి మూత్రపిండాల దారే మూసుకుపోయి ఉంటుంది, డయాలిసిస్ యంత్రం దాన్ని సరిగా వడకట్టలేదు. కాబట్టి మాత్ర ఫలించదు. రక్తకణాలు పుట్టించే ఎరిత్రోపొయిటిన్ ఇస్తూ కొద్దికొద్దిగా రక్తం తీయడమే అక్కడి దారి.

హెపటైటిస్ సి ఉంటే ఇప్పుడు వరుస మారింది. వైరస్‌ను నేరుగా చంపే కొత్త మాత్రలతోనే పీసీటీ కూడా సర్దుకున్న రోగులున్నారు. యూఆర్‌ఓడీ జన్యువు రెండు చెడ్డ నకళ్లతో పుట్టి, పసితనంలోనే మొదలయ్యే హెపాటోఎరిత్రోపొయెటిక్ పోర్ఫిరియాలో మాత్రం మాత్రా రక్తం తీయడమూ రెండూ చేతులెత్తేస్తాయి. వెలుగు నుంచి కాపాడుకోవడమే మిగులుతుంది.

గోళ్ల జబ్బుల దగ్గరికొస్తే ఇదే తర్కంతో చూడాలి. పుట్టుకతోనో చిన్నతనంలోనో గోళ్లు మందంగా, పసుపు గోధుమ రంగులో లేచి, అరికాళ్లలో నడవనివ్వని ఆనెలు కట్టే పాకియోనికియా కంజెనిటా ఉంది. అందులో చెడింది కెరటిన్ జన్యువు: 6ఏ, 6బీ, 6సీ, 16, 17లలో ఏదో ఒకటి. కణానికి దూలంలాంటి ప్రోటీనే వంకరగా తయారవుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ కదిలించి బయటికి పంపాల్సిన నిల్వ అక్కడ లేదు. ఆనెలు అరగదీయడం, మెత్తటి చెప్పులు, నొప్పి తగ్గించే మందులే రోజువారీ ఆధారం. పీసీటీలో నెగ్గిన మందును ‘అరుదైన చర్మ వ్యాధులకు మందు’ అని పేరు పెట్టి అక్కడికి మోసుకెళ్లడానికి ఆధారం లేదు. పైగా మలేరియా మందులు దీర్ఘకాలం వాడితే గోళ్లకే నీలి బూడిద రంగు పట్టవచ్చు, సోరియాసిస్ ఉన్నవారిలో ఆ జబ్బును ఎగదోయవచ్చు.

అద్దం చాటు ఎండ

మాత్ర పని మొదలయ్యేదాకా చర్మంలో ఉన్న పోర్ఫిరిన్ అక్కడే ఉంటుంది. ముట్టించేది ఊదారంగు వెలుగు కాబట్టి బస్సు అద్దం, కారు అద్దం దాన్ని ఆపవు. అల్ట్రావయొలెట్‌ను ఆపే మామూలు సన్‌స్క్రీన్ కూడా అంతే. జింక్ ఆక్సైడో టైటానియం డయాక్సైడో ఉన్న, తెల్లగా పూత కనబడే రకం, లేకపోతే ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు క్రీము కావాలి. (క్రీములోని ఐరన్ ఆక్సైడ్ ఒంట్లోకి ఇంకదు, ఆ భయం వద్దు.) వాటికన్నా దట్టమైన నేత బట్ట మేలు. కోతలప్పుడు, బండి నడిపేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, నూలు గ్లౌజులు వేసుకోవాలి. బొబ్బను చిదమకుండా శుభ్రంగా కప్పి ఉంచాలి.

ముందుగా తగ్గేది కొత్త బొబ్బలు రావడం. చర్మం పెళుసుతనం ఆ తర్వాత తగ్గుతుంది. ముఖం మీద వెంట్రుకలకూ నలుపుకూ నెలలు పడుతుంది, గట్టిపడిన మచ్చలు కొన్ని అలాగే ఉండిపోతాయి. చర్మం బాగుపడగానే మాత్ర మానేయడం తొందరపాటు. ప్లాస్మాలో గానీ మూత్రంలో గానీ పోర్ఫిరిన్లు మామూలుకు వచ్చి కొన్ని నెలలు అలాగే నిలిచాకే ఆపాలి. ఆ తర్వాత ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి మళ్లీ కొలిపించాలి. బొబ్బ రాకముందే అంకె పెరుగుతుంది, అప్పుడు రెండోసారి సగం మాత్రలతో పట్టుకోవడం తేలిక. సిర్రోసిస్ దాకా వెళ్లిన కాలేయమైతే ఆరు నెలలకోసారి స్కానింగ్ కూడా తప్పదు, క్యాన్సర్ ముప్పు అక్కడ ఎక్కువ.

రోగికి యూఆర్‌ఓడీ జన్యులోపం తేలితే అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, పిల్లలకూ అదే పరీక్ష చేయించవచ్చు. లోపం ఉండి జబ్బు లేనివారికి ఈ మాత్ర ముందుజాగ్రత్తగా ఇవ్వరు. వాళ్లకు కావలసింది హెపటైటిస్ ఎ, బి టీకాలు, మద్యమూ సిగరెట్టూ మానడం, ఎవరు చెప్పినా ఫెరిటిన్ చూడకుండా ఐరన్ టానిక్ తాగకపోవడం.